ఈక తెగే చోటు

రాజకుమారి వేలు తెగింది సోమవారం పదకొండు గంటలకి. అది ఇంటి దగ్గర తెగిందని రాసిన కాగితం మీద ఈశ్వరి సంతకం పెట్టింది పదకొండుంపావుకి.

సాలూరు బైపాసు పక్కన, లారీలకి బాడీలు కట్టే షెడ్ల వెనకాల ఉంది ఆ రేకుల షెడ్డు. అందులో ఈశ్వరి, రాజకుమారి, కూర్మమ్మ అని ముగ్గురు ఆడవాళ్ళు పీటల మీద కూర్చుని బాణాలకి ఈకలు కోస్తారు. ఏజెన్సీ హాస్టళ్ళలో పిల్లలు విలువిద్య నేర్చుకునే బాణాలవి. ఒక్కో పుల్లకి మూడేసి టర్కీకోడి ఈకలు అంటించి ఉంటాయి. అంటించినప్పుడు అవి రెక్కలో ఉన్నంత వెడల్పుగా చిందరవందరగా ఉంటాయి. రేకుతో చేసిన అచ్చుని ఈక మీద నొక్కిపట్టి, బయటికి పొడుచుకొచ్చినదాన్ని గడ్డం గీసుకునే బ్లేడుతో ఒకే ఒక్క గీతలో కొయ్యాలి. రెండో గీత పడితే అంచు పళ్ళు పళ్ళుగా వస్తుంది. ఆ బాణం గాలిలో పక్కకి ఈడుస్తుంది. బ్లేడుని సగానికి విరిచి, ఒక కొసకి గుడ్డపీలిక చుట్టుకుంటారు. కుడిచేతిలో బ్లేడు, అచ్చు మీద ఎడమచేతి చూపుడువేలు. ఆ రెండిటి మధ్యా ఉండేది రేకు మందమే.

రాజకుమారి బ్లేడు ఈక మధ్య ఈనె మీద జారింది. ఆ పిల్ల అరవలేదు. "అప్పా" అని, అక్కని పిలిచినట్టు ఈశ్వరిని పిలిచింది, అంతే. బాణాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టి తన చేతిని చూసుకుంది. వేలు మొదట్లో తెల్లగా ఒక గీత కనిపించింది. తరవాత ఆ గీత నిండి, పొంగి, ముందున్న చెక్కపలక మీద వరసగా పేర్చిన తెల్ల ఈకల మీదికి కారింది.

ఈశ్వరి తన తువ్వాలు తీసి వేలి చుట్టూ బిగించింది. యజమాని నరసింగరావు గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. తన కారే తెచ్చాడు. రాజకుమారిని వెనక సీట్లో కూర్చోబెట్టి, ఇంజను నడుస్తుండగానే మళ్ళీ లోపలికి వెళ్ళాడు. వచ్చేటప్పుడు చేతిలో ఒక కాగితం, సిరా పెట్టె ఉన్నాయి.

"ఈశ్వరీ, ఇక్కడొక సంతకం పెట్టమ్మా. కూర్మమ్మా, నువ్వు వేలిముద్ర వెయ్యి."

ఈశ్వరి పదో తరగతి దాకా చదువుకుంది. కాగితం చదివింది. పొద్దున్న ఇంటి దగ్గర కత్తిపీట మీద చేప కోస్తుండగా వేలు తెగిన రాజకుమారి, ఆ సంగతి చెప్పకుండా పనికి వచ్చినట్టు, ఆ గాయం ఇక్కడ తిరగబెట్టినట్టు అందులో ఉంది.

"ఇదేటి బాబూ? తెగింది ఇక్కడ కదా?"

"ఇక్కడ తెగిందంటే లేబరు వాళ్ళొస్తారు, షెడ్డు మూస్తారు. నాకేం, ఇంకో వ్యాపారం చూసుకుంటాను. మీ ముగ్గురూ ఎక్కడికెళ్తారో ఆలోచించుకో." నరసింగరావు గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. "పెట్టు తల్లీ. అక్కడ పిల్ల నెత్తురు కారుతూ కూర్చుంది. నేను బండి తియ్యాలి."

ఈశ్వరి కారు వైపు చూసింది. అద్దం వెనక రాజకుమారి తల ముందుకి వాలిపోయి ఉంది. ఈశ్వరి సంతకం పెట్టింది. కూర్మమ్మ వేలిముద్ర వేసింది. కారు కదిలింది.

కూర్మమ్మకి అరవై దాటాయి. బొటనవేలి సిరాని చాప అంచుకి రాస్తూ, "మనమేటి సెయ్యగలం గుంటా. ఆయన రాసినాడు, మనం ముద్రేసినాం" అంది.

ఈశ్వరి బొక్కెనతో నీళ్ళు తెచ్చింది. పలక కడిగింది. నెత్తురు చెక్క గీతల్లోకి దిగి, ఎంత తోమినా పోలేదు. ఈకలెర్రబడ్డ బాణాలు ఏడు. వాటిని మూల పడేసి కొత్త వరస పేర్చుకుంది. ఆ మధ్యాహ్నం ఆమె బ్లేడు ఎత్తిన ప్రతిసారీ, అచ్చు మీద ఉన్న వేలు దానంతటది ముడుచుకుపోయింది.

మంగళవారం పని దిగాక ఈశ్వరి రాజకుమారి ఇంటికి వెళ్ళింది. రాజకుమారి అరుగు మీద కూర్చుని ఉంది. ఎడమచెయ్యి ఒక అట్టకి కట్టేసి ఉంది. పక్కనే ఆమె తల్లి దాలమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

"రా అప్పా, కూకో" అంది రాజకుమారి. ఎప్పటిలాగే అంది. అందుకే ఈశ్వరికి కూర్చోబుద్ధి కాలేదు.

"డాక్టరేటన్నాడే?"

"లోపల నరం తెగిపోనాదంట. పై తోలు కుట్టినారు గానీ, నరం కుట్టడం ఇక్కడ అవదంట. విశాఖపట్నం ఎల్లాల. వారం లోపు ఎల్లాల. నేకపోతే ఆ వేలు మరి వంగదు అన్నాడు." అట్ట మీద ఉన్న వేలిని వేరెవరిదో అన్నట్టు చూసింది. "సావుకారుకి సెప్పినాం. ఇంటికాడ తెగినదానికి నానేటి సెయ్యను అన్నాడు. కాగితం తీసి సూపించినాడు. సంతకం కిందనున్నాది. నీ సేతిరాత గుండ్రంగా ఉంటాది కద అప్పా. సూడగానే పోల్సీసినాను."

ఈశ్వరి నిలబడే ఉంది. "పెడితే గానీ కారు తియ్యనన్నాడే" అంది. అది నిజమే. అయినా ఆ అరుగు ముందు అంటుంటే ఆమెకే చాలా చిన్న మాటగా వినిపించింది.

"అవునా" అంది రాజకుమారి. అందులో కోపం లేదు.

దాలమ్మ చేటలోంచి తల ఎత్తలేదు. "మా ఇంట్ల సేప వండి నెల దాటిపోనాది. ఆ ముక్కైనా రాయనేకపోనావు" అంది.

రాళ్ళు ఏరుతున్న వేళ్ళు మాత్రం ఆగలేదు.

బుధవారం నరసింగరావు వెదురు పుల్లల కోసం పార్వతీపురం వెళ్ళాడు. షెడ్డు తియ్యలేదు. ఈశ్వరి మేనమామ జోగయ్యకి లారీ షెడ్ల వరసలో కరెంటు పని చేసే కొట్టుంది. పాత బ్యాటరీలు, చుట్టలు చుట్టిన వైర్లు, పగిలిన హెడ్‌లైట్ల మధ్య ఆయనే ఒక సామానులా కూర్చుని ఉంటాడు. ఈశ్వరి గుప్పెడు ఈకలు, ఓ పాత తలుపు బందు, నాలుగు బెండకాయలు పట్టుకుని అక్కడికి వెళ్ళింది.

"ఏటే, కూరొండుతావేటి ఇక్కడ?" అన్నాడు జోగయ్య.

"నాకో గంటసేపు నీ పనిముట్లియ్యి మావా."

తలుపు బందు రెండు రేకుల్నీ ఈక ఆకారానికి కత్తిరించింది. అంచులు రాపింది. చిన్న చెక్కముక్కని చీల్చి అందులో బ్లేడు ఇరికించింది. ఈకని బందులో పెట్టి నొక్కితే, వేలు అక్కర్లేకుండా అదే పట్టుకుంటుంది. నాలుగు ఈకలు బాగానే తెగాయి. అప్పుడు బందు వెనకాల, వేలుండే చోట ఒక బెండకాయ పెట్టి, చెయ్యి జారినట్టుగా బ్లేడు విసురుగా లాగింది.

బెండకాయ తల తెగి జోగయ్య కాళ్ళ దగ్గర పడింది.

ఇంకోటి పెట్టింది. అదీ తెగింది. బందు అంచుకి మందపాటి రేకు అడ్డంగా బిగించి మళ్ళీ చేసింది. ఈసారి సగమే తెగింది.

జోగయ్య అదంతా చూస్తూనే ఉన్నాడు. "బ్లేడున్నంతసేపూ ఏదో ఓటి తెగుతాది. ఈకనే కొయ్యాలని దానికెవులూ సెప్పనేదు" అన్నాడు.

"బ్లేడు నేకుండా ఎలగ కోస్తాం?"

ఆయన కాలే కడ్డీతో వైరు ముక్కకి సీసం అతుకుతున్నాడు. బల్ల మీద నుంచి ఎగిరిన ఈక ఒకటి వెళ్ళి ఆ కాలే కడ్డీ మీద వాలింది. సుయ్‌మని చిన్న చప్పుడైంది. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. ఈశ్వరి ఈకని తీసి చూసింది. కడ్డీ తగిలినంత మేరా, గీత గీసినట్టు పోయింది. మిగతా ఈక తెల్లగా అలాగే ఉంది.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

పాత హీటరు కాయిల్లోంచి తీగ తీశారు. రెండు బోల్టుల మధ్య ఈక ఆకారంలో వంచి, పెంకుముక్క మీద బిగించి లారీ బ్యాటరీకి కలిపారు. తీగ ఎర్రబడింది. ఎర్రబడగానే మెత్తబడి, తడి దారంలా కిందికి జారిపోయింది. తీగ పొడుగు తగ్గిస్తే ఈక తెగకుండా భగ్గున మండింది. పొద్దుగూకేసరికి పెంకు చుట్టూ మాడిన ఈకలే. గురువారం ఈశ్వరి షెడ్డుకి జ్వరమని కబురు పంపి మళ్ళీ కూర్చుంది. తీగని రెండు పేటలుగా పేనింది. అప్పుడు జారలేదు. వేడి ఎంతవరకు చాలునో జోగయ్య తీగ పొడుగు ఒక్కో గోరంత పెంచుతూ చూశాడు. బాగా ఎర్రబడకూడదు. చీకట్లో చుట్ట కొసలా కనిపించీ కనిపించనట్టు ఉండాలి.

బాణం పుల్ల ఆనడానికి గాడి తీసిన రెండు చెక్కలు పెట్టారు. పుల్లని అవతలి కొసన, మూరెడు దూరంలో పట్టుకుని, మెల్లగా ఒక చుట్టు తిప్పాలి. మూడు ఈకలూ వరసగా తీగ కిందకి వచ్చి ఆకారం తేలతాయి. కాలి కింద హారను బటను. తొక్కితేనే తీగ కాలుతుంది, కాలు తీస్తే ఆరుతుంది. తీగ మీద నూనె డబ్బా రేకుతో మూత వేశారు. మూతకి ఈక పట్టేంత సన్నటి చీలిక. ఈశ్వరి బెండకాయ తెచ్చి ఆ చీలికలోకి దూర్చబోయింది. దూరలేదు. అటు తిప్పి ఇటు తిప్పి నొక్కింది. బెండకాయ నలిగింది గానీ దూరలేదు.

"మూత తీసేసి పెడితే?" అన్నాడు జోగయ్య.

ఈశ్వరి ఆలోచించింది. "తీసేస్తారు మావా. పని బేగి అవుతాదనీసి ఎవులో ఒకలు తీసేస్తారు."

లారీ తలుపు తీస్తే లోపల దీపం వెలిగే బుడిపె ఉంటుంది కదా, జోగయ్య అలాంటిదే వెతికి దాన్ని తిరగేసి మూత కింద బిగించాడు. ఇప్పుడు మూత ఎత్తితే తీగ ఆరిపోతుంది. వైరుకి టేపు చుడుతూ అడిగాడు, "ఆ పిల్లకి సూపించినావా?"

"ఇది సూపిస్తే ఏలొస్తాదా మావా?"

"రాదు" అన్నాడు ఆయన. టేపు పళ్ళతో తెంపి అంటించాడు.

శుక్రవారం పొద్దున్న దాన్ని రిక్షాలో షెడ్డుకి తీసుకెళ్ళింది. పొగ బయటికి పోవడానికి కిటికీలో చిన్న ఫ్యాను బిగించింది. మొదట కూర్మమ్మనే కూర్చోబెట్టింది. కూర్మమ్మ బటను మీద కాలు పెట్టడానికి భయపడి, పెట్టి, పుల్ల తిప్పింది. సుయ్, సుయ్, సుయ్. బయటికి తీసి చూసింది. మూడు ఈకలూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. కూర్మమ్మ తన పది వేళ్ళూ కళ్ళ ముందు చాపి చూసుకుని పకపకా నవ్వింది. ఆ చేతుల మీద పాత గాట్లు తెల్లగా, పొట్టిగా, లెక్కలేనన్ని ఉన్నాయి.

నరసింగరావు వచ్చి చాలాసేపు నిలబడి చూశాడు. తనే కూర్చుని రెండు బాణాలు చేశాడు. మొహం వెలిగిపోయింది. "రేపు క్రీడల శాఖ మేడమ్ గారు సరుకు చూడ్డానికి వస్తున్నారు. ఇది చూపిద్దాం. మన షెడ్డులోనే తయారుచేశామని చెబుదాం. నువ్వు పక్కనే ఉండు ఈశ్వరీ."

ఆయన అంత సంతోషంగా ఉండటం చూసి, ఇప్పుడు కాకపోతే మరి అడగలేననిపించింది ఈశ్వరికి.

"బాబూ, రాజకుమారి ఆపరేషను సంగతి కొంచెం సూడండి. ఇంక మూడు రోజులే ఉన్నాది."

నరసింగరావు పీట మీంచి లేచి చేతులు దులుపుకున్నాడు. "ఆ కాగితం అయిపోయింది కదమ్మా. ఇప్పుడు మాట మారిస్తే నేనొక్కణ్ణే కాదు, నువ్వూ అబద్ధమాడినదానివవుతావు. సంతకం నీది." ఆమె భుజం తట్టబోయినట్టు చెయ్యి ఎత్తి, మళ్ళీ దించుకున్నాడు. "మంచి పని చేశావు. మంచి పనిని చెడగొట్టుకోకు."

శనివారం పదింటికి జీపు వచ్చింది. దిగినావిడకి యాభై ఏళ్ళుంటాయి. చీర కింద ఆటల బూట్లు వేసుకుంది. ఒక్కో బాణాన్నీ బల్ల మీద దొర్లించి, వంకర ఉందేమో చూసి, ఈకల అంచు మీద వేలు రాసింది. "ఇవి బాగున్నాయే. పోయినసారివి పళ్ళు పళ్ళుగా ఉన్నాయి" అంది.

నరసింగరావు ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. ఆమెను తీగ దగ్గరికి తీసుకెళ్ళాడు. కూర్మమ్మ తొక్కుతూ తిప్పుతూ చూపించింది. "లోపల తీగ ఎర్రగా కాలుతుంది మేడమ్, చూడండి" అని ఆయన మూత ఎత్తాడు. లోపల ఏమీ కాలడం లేదు. నల్లటి తీగ, అంతే. మూసి, మళ్ళీ ఎత్తాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"మూతెత్తితే ఆరిపోద్ది బాబూ" అంది ఈశ్వరి వెనకనుంచి.

ఆవిడ తిరిగి చూసింది. "నువ్వేనా చేసింది?"

"నానూ మా మావా."

"ఎత్తితే ఆరిపోయేలా ఎందుకు పెట్టావు?"

"ఎవులూ ఏలెట్టకుండా అమ్మా."

ఆవిడ నవ్వింది. "ఇంత సన్నటి చీలిక పెట్టి, దాని మీద మళ్ళీ ఇదొకటా? అంత భయం ఎందుకమ్మా?"

అది ఊరికే, ఆదరంగా అడిగిన మాట. నరసింగరావు కూడా నవ్వాడు. ఈశ్వరి పలక వైపు చూసింది. చెక్క గీతల్లోని మరక గోధుమరంగుకి తిరిగింది.

"సోమారం పదకొండు గంటలకి ఈ పలక మీద రాజకుమారనీసి మా పిల్లకి ఏలు తెగిపోనాదమ్మా. బ్లేడుతోటి. లోపల నరం తెగిపోనాది. ఇంటికాడ తెగిందని కాగితం రాసినారు. దాని మీద సంతకం నాదే. అది అబద్ధం."

నరసింగరావు ఒక అడుగు ముందుకి వేశాడు.

"మేడమ్, ఈమెకి జ్వరం వచ్చి తగ్గింది. మొన్న పనికి కూడా..." అన్నాడు నరసింగరావు.

"జ్వరం అని నానే కబురెట్టినాను. అదీ అబద్ధమే" అంది ఈశ్వరి.

ఆవిడ చేతిలోని బాణాన్ని బల్ల మీద పెట్టింది. నరసింగరావుని చూసింది, కూర్మమ్మని చూసింది. కూర్మమ్మ తల వంచుకుని పుల్లని చూస్తోంది. "ఇది మా శాఖ సంగతి కాదమ్మా. నేను బాణాలు చూడ్డానికి వచ్చాను" అంది చివరికి.

"ఎవుల సంగతో నాకు తెలీదు. ఒక కాగితం ఇయ్యండి సాలు."

ఆవిడ కాసేపు తటపటాయించి, నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి ఇచ్చింది. ఈశ్వరి పలక ముందు కూర్చుని రాసింది. నాలుగు వాక్యాలు. కింద సంతకం పెట్టింది. ఆవిడ పైనుంచి వంగి చదివింది. "తేదీ వెయ్యి" అంది. ఈశ్వరి వేసింది. "తెగిన టైము కూడా రాయి." రాసింది.

ఈశ్వరి కాగితం పట్టుకుని కూర్మమ్మ ముందు నిలబడింది. సిరా పెట్టె బల్ల మీదే ఉంది. కూర్మమ్మ కాలు బటను మీద ఉంది. ఆ కాలు కదల్లేదు, చెయ్యీ కదల్లేదు. ఎక్కువసేపు నిలబెట్టడం ఇష్టంలేక ఈశ్వరి కాగితం మడిచేసింది.

జీపు వెళ్ళిపోయింది. సరుకు బాగుందనే రాసుకుని వెళ్ళింది.

"సోమవారం నుంచి రాకు" అన్నాడు నరసింగరావు. అప్పుడు కూడా గొంతు పెంచలేదు. "నీ సామాను నువ్వు పట్టుకుపోతావా?"

ఈశ్వరి బ్యాటరీ వైపు, డబ్బా మూత వైపు చూసింది. రెండు రోజుల పని అది. విప్పడానికి పది నిమిషాలు చాలు. విప్పితే మధ్యాహ్నం నుంచి కూర్మమ్మ మళ్ళీ బ్లేడు విరుచుకోవాలి. తన స్థానంలో, రాజకుమారి స్థానంలో రేపు ఇంకెవరో ఇద్దరు వచ్చి కూర్చుంటారు.

"ఉండనియ్యండి. మూత మటుకు ఊడదియ్యకండి."

గుమ్మం దగ్గర కూర్మమ్మ వెనకనే వచ్చింది. "గుంటా, నాను ముసిల్దాన్ని. నన్నింక ఎవులు పెట్టుకుంటారు..."

"బ్లేడు ముట్టుకోకు పిన్నీ" అని, ఈశ్వరి చెప్పులేసుకుంది.

రాజకుమారి ఇంటి వెనక కుళాయి దగ్గర ఉంది. తల్లి చీర బండ మీద పెట్టి కాలితో తొక్కుతోంది. ఎడమచెయ్యి తడవకుండా భుజం మీదికి ఎత్తి పట్టుకుంది. ఈశ్వరిని చూసి తొక్కడం ఆపలేదు.

ఈశ్వరి కాగితం చాపింది.

"సెయ్యి తడిగా ఉన్నాది. నువ్వే సదువు" అంది రాజకుమారి.

తను రాసింది తనే పైకి చదవాల్సి వస్తుందని ఈశ్వరి అనుకోలేదు. చదివింది. 'ఇంతకుముందు నేను పెట్టిన సంతకం అబద్ధం' అన్న చోట ఆగింది. మళ్ళీ మొదటినుంచి ఆ వాక్యం చదివింది. తేదీ, టైము, తన పేరు చదివింది.

రాజకుమారి కాళ్ళ కింద సబ్బునీళ్ళు నడిచి మురుక్కాలవలోకి పోతున్నాయి.

"దీన్ని పట్టుకుని ఎక్కడికెల్లాల?"

"తెలీదే. సోమారం ఆఫీసులు తీస్తారు. ఇద్దరం ఎల్లి అడుగుదాం."

"డాక్టరు సెప్పిన వారం సోమారంతోటి అయిపోతాది."

"అవును."

"నీకు పని?"

"పోనాది."

రాజకుమారి ఆమెను కాసేపు చూసింది. అందులో జాలి లేదు, క్షమించిన గుర్తూ లేదు. "లోపల గూట్ల పెట్టు. తడిసిపోద్ది" అంది.

ఈశ్వరి లోపల గూట్లో కాగితం పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద దువ్వెన పెట్టి వచ్చింది. రాజకుమారి చీరని బకెట్టులోంచి ఒంటిచేత్తో లాగుతోంది. నీళ్ళు పీల్చుకున్న చీర బరువుకి భుజం కిందికి వంగిపోతోంది. ఒక కొస ఈశ్వరి వైపు విసిరింది. ఈశ్వరి పట్టుకుంది. ఇద్దరూ చెరోవైపు నిలబడ్డారు. ఈశ్వరి ఒక మెలి తిప్పగానే అవతలి కొస రాజకుమారి గుప్పిట్లోంచి జారి మట్టిలో పడింది.

రాజకుమారి వంగి తీసింది. మట్టి కడిగింది. ఈసారి ఆ కొసని కుడి మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని, మోచెయ్యి పక్కలకి ఆనించి, మడమలు నేలలో దిగేసి నిలబడింది. తడి బట్ట ఆ సన్నటి చేతిమీద ఉరిలా బిగుసుకుంది.

ఈశ్వరి ఆగిపోయింది.

"తిప్పప్పా" అంది రాజకుమారి.

ఈశ్వరి తిప్పింది. మెలి మధ్యలోంచి నీళ్ళు ధారగా కారాయి.

"ఇంకా తిప్పు."